చింతపండు నీళ్లలో తూటాలు

నా కింది దవడలో ఎడమవైపు పన్ను ఒకటి కొంచెం విరిగింది. మునక్కాడ కొరికితే విరిగిందని డెంటిస్టుకు చెప్పాను. మునక్కాడ ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు కాబట్టి నమ్మింది. నిజానికి నేను కొరికింది ఇత్తడి తూటా గొట్టం.

ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం నాడు డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో నాగమల్లేశ్వరి గారింటికి మా ఆవిడ నళినిని పేరంటానికి తీసుకెళ్లాను. ముందు గదిలో పదిహేనుమంది ఆడవాళ్లు చేతుల్లో అక్షతలు పట్టుకుని కథ వింటున్నారు. నేను చెవిలో ఆఫీసు మీటింగ్ పెట్టుకుని, ఆకలికి ఆగలేక వంటింట్లోకి నడిచాను. స్టవ్ పక్కన పెద్ద స్టీలు గిన్నెలో చింతపండు రంగులో చారు ఉంది. గ్లాసులో పోసుకుని తాగాను. ఉప్పు లేదు. తాలింపు కూడా పడలేదు. వ్రతం రోజు కదా, ఇంకా పూర్తి కాలేదేమో అని సర్దుకుని రెండో గుక్క తాగాను. గరిటె అడుగుదాకా పోనిచ్చి తిప్పితే ముక్క తగిలింది. రెండంగుళాల పొడవు, వేలంత లావు. కొరికాను.

సరిగ్గా అప్పుడే తాంబూలాల పళ్లెం కోసం నాగమల్లేశ్వరి గారు లోపలికి వచ్చారు. అయిదడుగుల మనిషి, అరవై ఒకటో ఏడు, ఆకుపచ్చ పట్టుచీర. వయసులో నాకంటే పన్నెండేళ్లు పెద్ద కాబట్టి నేను మల్లక్కా అని పిలుస్తాను.

"మింగావా?" అంది.

"లేదక్కా. కొరికాను."

"నీళ్లు తాగావా?"

"చారా? రెండు గుక్కలు."

ఆ గొట్టం నా చేతిలోంచి లాక్కుని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసింది. ముఖంలో రంగు పోయింది. నా గురించే అనుకుని కాస్త పొంగిపోయాను. తర్వాత తెలిసింది, సగమే నా గురించి.

భర్త పద్మనాభం గారిని కేకేసింది. ఆయన రిటైరైన ఎనస్థీషియా డాక్టరు. ముప్ఫయ్యేళ్లు జనాన్ని నిద్రపుచ్చి లేపారు. నన్ను కళ్లలోకి చూసి, "నిద్రొస్తోందా?" అన్నారు. లేదన్నాను. "అయితే నా డిపార్ట్‌మెంట్ కాదు" అన్నారు.

"ఏమండీ, జోకులు తర్వాత. వాటికి సీసం అంటుకుని ఉంటుంది" అని మల్లక్క నాచేత పాయిజన్ కంట్రోల్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించింది. అవతలి అమ్మాయి సూప్‌లో ఏముందని అడిగింది. చింతపండు, ఇంకా ముప్ఫయ్యారు ఖాళీ తూటాలు అని మల్లక్క అందించినట్టే చెప్పాను. "సర్, ఇంట్లో మీరు ఒక్కరే ఉన్నారా?" అంది. పక్కన డాక్టరు ఉన్నాడని చెబితే ఆ పిల్ల ప్రాణం కుదుటపడింది. రెండు గుక్కలే కాబట్టి భయం లేదు, పుక్కిలించి మంచినీళ్లు తాగండి, కావాలంటే రక్తపరీక్ష చేయించుకోండి అని పెట్టేసింది. ముందు గదిలో కథ అయిపోయి, అక్షతలు వేసుకుంటున్నారు.

తూటాలు అక్కడికెలా వచ్చాయో చెప్పాలంటే ముందు మల్లక్క సంగతి చెప్పాలి.

ఆవిడ విశాఖపట్నంలో మెటలర్జీ చదివింది. డాక్టరు భార్యగా మిషిగన్ వచ్చి, రెండేళ్లు ఇంట్లో కూర్చుని, ఇక కూర్చోలేక కార్ల విడిభాగాలు కొట్టే ప్రెస్ షాపులో ఇన్‌స్పెక్టరుగా చేరింది. ఇరవై ఏడేళ్లు అక్కడే. ఆవిడ రిజెక్ట్ చేసిన పీసును ప్లాంట్ మేనేజర్ కూడా మళ్లీ బల్ల మీద పెట్టే ధైర్యం చెయ్యలేదంటారు. మొదటి వారంలో రోజర్ లెహ్టినెన్ అనే టూల్‌మేకర్, ఉత్తరాన అడవుల్లో పుట్టినవాడు, ఒక ఖాళీ తూటా గొట్టం ఆవిడ బల్ల మీద పెట్టి, "ఇది ఎన్ని దెబ్బల్లో సాగదీశారో చెప్పు" అన్నాడట. ఆవిడ దాన్ని నిలువునా కోయించి, గోడల మందం కొలిచి, మధ్యాహ్నానికల్లా జవాబు రాసి పంపింది. అప్పటినుంచి ఇద్దరూ స్నేహితులు. రోజర్ తుపాకీ పట్టుకోవడం నేర్పాడు. తూటా కట్టుకోవడం ఆవిడ తనంతట తాను నేర్చుకుంది.

పేల్చిన తూటాలో గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గొట్టం మిగులుతుంది. ఆ గొట్టాన్ని మళ్లీ కొలతకు నొక్కి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ, లోపల కొత్త మందు, పైన కొత్త గుండు పెడితే కొత్త తూటా. ఆవిడ గ్యారేజీలో కారు ఉండవలసిన చోట దీనికో బల్ల ఉంది. ఒకసారి తెలుగు సంఘం మీటింగుకి పిలిస్తే, "ఇవాళ రాలేను, గ్యారేజీలో మందు పనుంది" అని ఫోన్ పెట్టేసింది. ఆర్నెల్లపాటు ట్రాయ్ నుంచి ఫార్మింగ్టన్ హిల్స్ దాకా ఆవిడ తాగుడు గురించి ఎంతోమంది బాధపడ్డారు. బాధపడినవాళ్లలో నేనూ ఉన్నాను. పెద్దమనిషిగా మాట్లాడదామని మజ్జిగ సీసాతో వెళ్లాను కూడా.

ఆవిడ తుపాకీ లీవర్ రైఫిల్. ట్రిగ్గర్ కింద ఉన్న పిడిని కిందికి లాగి పైకి నెడితే లోపలికి తూటా వస్తుంది. తుపాకీ గొట్టం వెడల్పు ఎక్కువ కాబట్టి దాన్ని బిగ్ బోర్ అంటారు. పద్మనాభం గారు ఆ మాటను తెలుగులోనే అర్థం చేసుకుంటారు. "ఎనిమిదేళ్లుగా వింటున్నాను, బోరే" అంటారు.

ఎనిమిదేళ్లు ఎందుకంటే, మిషిగన్‌లో ఎలుగుబంటి వేటకు లాటరీ. పేరు రాని ఏడాదికి ఒక పాయింటు జమ. మల్లక్క అడిగింది రోజర్ కేబిన్ ఉన్న అడవి. అక్కడ పర్మిట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఎనిమిదేళ్ల పాయింట్ల తర్వాత ఈ వేసవిలో పేరు వచ్చింది. పేరు వచ్చాక పాయింట్లు సున్నా. ఈ సెప్టెంబరు తప్పితే మళ్లీ మొదటి నుంచి. అప్పటికి ఆవిడకు డెబ్బై, రోజర్‌కి తొంభై.

ఇంతకీ ఆ గిన్నె సంగతి. వ్రతానికని పద్మనాభం గారు గురువారం పొద్దున్నే దీపపు కుందులు చింతపండుతో తోమారు. అవి మెరిశాయి. ఆ ఊపులో గ్యారేజీలోకి వెళితే భార్యగారి ఇత్తడి గొట్టాలు డబ్బాలో వెలిసిపోయి కనిపించాయి. పాపం ఎనిమిదేళ్ల కోరిక, మనవంతు సాయం చేద్దాం అనుకున్నారు. మిగిలిన చింతపండు మొత్తం పిసికి, వాటిని వేసి, పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చి దించి మరిచిపోయారు.

పేరంటం ముగిసి అందరూ వెళ్లాక మల్లక్క గ్యారేజీలో పాత తువ్వాలు పరిచి ముప్ఫయ్యారూ ఆరబోసింది. నేను ఉండిపోయాను. పన్ను విరిగినవాడికి ఆ మాత్రం హక్కు ఉంటుందనుకున్నాను. అన్నీ లేత గులాబీ రంగులో ఉన్నాయి.

"బాగున్నాయే!" అన్నాను.

"ఇత్తడి అంటే రాగి, జింకు. పులుపు కాసేపైతే మురికిని తింటుంది. రాత్రంతా ఉంటే జింకుని తింటుంది. మిగిలిన రాగి లోపల స్పాంజిలా ఉంటుంది. పైకి ఏం తెలీదు."

"దీపాలకి ఏం కాలేదుగా మల్లేశ్వరీ!" అన్నారు పద్మనాభం గారు గుమ్మంలోంచి.

"దీపం గులాబీ రంగైతే అందమండీ. ఇది నా చెంపకి జానెడు దూరంలో పేలుతుంది."

సుత్తి తీసి ఒక్కొక్కదాని మూతి నలగ్గొట్టింది, పొరపాటున కూడా ఎవరూ మళ్లీ వాడకుండా. ముప్ఫయ్యారు దెబ్బలు. ఆయన్ని ఒక్క మాట అనలేదు. తిడితే తట్టుకునేవారు. అప్పటికి సీజన్‌కి పద్దెనిమిది రోజులుంది.

"కొత్తవి కొంటే పోలేదా?" అన్నాను. ఆ సాయంత్రమంతా ఆ పని నాదే అయింది. ఏడు షాపులకు ఫోన్ చేశాను. సీజన్ ముందు ఆ సైజు ఖాళీవి గాని, నిండువి గాని ఎక్కడా లేవు. ఆన్‌లైన్‌లో అక్టోబరు అన్నారు. ఎనిమిదో షాపువాడు తుపాకీ ఏమిటని అడిగితే, "బిగ్ బోర్, వెరీ బిగ్ బోర్" అని గట్టిగా చెప్పాను. చెవిలో నడుస్తున్న సాయంత్రం మీటింగ్ మ్యూట్‌లో లేదని అప్పుడు తెలిసింది. మా డైరెక్టర్ పావుగంట నుంచి మాట్లాడుతున్నాడట.

రోజర్ తన అల్లుడి దగ్గర షాపులో కొన్న తూటాలు నాలుగు మిగిలాయని కబురు చేశాడు. మల్లక్క వద్దంది. మూడేళ్ల కిందట ఆవిడ కుడి భుజానికి ఆపరేషన్ అయింది. షాపు తూటా దెబ్బకు తర్వాత వారం రోజులు కాఫీ కప్పు ఎత్తలేకపోయింది. అందుకే మందు తగ్గించి, ఎలుగును ఒక్క దెబ్బకు పడేసేంత, తన భుజం ఓర్చుకునేంత, ఆ రెండింటికీ మధ్య లెక్క వెతికి పట్టుకోవడానికి రెండేళ్లు పట్టింది.

"నాలుగే కదక్కా, పళ్ల బిగువున ఓర్చుకోలేవా?" అన్నాను.

"నొప్పి తెలిసిన భుజం ముందే ముడుచుకుంటుంది మనోహర్. గుండు పక్కకి పోతుంది. గాయంతో పారిపోయిన ఎలుగు నాలుగు రోజులు యాతనపడి చస్తుంది. అలా అయితే నేను వెళ్లను."

"మరి?"

"వెళ్తాను" అంది. ఎలాగో చెప్పలేదు. ఆవిడకూ తెలియదని నాకనిపించింది.

మర్నాడు పొద్దున్న నేను ఏదో సాకుతో మళ్లీ వెళ్లాను. మల్లక్క బల్ల ముందు కూర్చుని తన నోటుబుక్కు తిరగేస్తోంది. కొన్న ప్రతి గొట్టం పుట్టుక, చావు అందులో ఉంటాయి. ఒక పేజీలో 'ఏడు కనబడుటలేదు' అని రాసి, పక్కన నాలుగేళ్ల నాటి ప్రశ్నార్థకం. దాని చుట్టూ ఏడాదికో సున్నా చుట్టింది.

స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని పద్మనాభం గారు గ్యారేజీ గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో పూజగది స్టీలు పళ్లెం. దాంట్లో ఏడు ఇత్తడి గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో బియ్యం, బియ్యంలో అగరబత్తి పుల్ల. ఒక్కొక్కదానికీ కుంకుమ బొట్టు.

"ఇవి పనికొస్తాయేమో చూడు" అన్నారు.

మల్లక్క ఏడూ వేలితో లెక్కపెట్టింది. "నాలుగేళ్లు" అంది.

"సరిగ్గా సరిపోతాయి మల్లేశ్వరీ. బజార్లో స్టాండ్లు ఊగుతాయి."

"నాలుగేళ్లుగా గ్యారేజీ అంతా మూడుసార్లు ఊడ్చి వెతికాను."

"నేనూ వెతికానుగా నీతోపాటు!"

ఇది నిజమే. మూడోసారి నేను కూడా వెతికాను.

"చింతపండు పెట్టారా వీటికి?"

"ఛ, పొడిగుడ్డతో తుడుస్తాను. దేవుడివి."

ఆవిడ లేచి ఆ పళ్లెం రెండు చేతులతో అందుకుంది. బియ్యం ఒంపి, కుంకుమ కడిగి, ఆరబెట్టి, తన జడపిన్ను ఒకటి తీసి కొసను కాస్త వంచింది. అడుగున ఎక్కడైనా గోడ పలచబడితే లోపల సన్నటి గాడి పడుతుందట, కంటికి కనబడదట. పిన్నును గొట్టంలోకి దించి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా పైకి లాగుతూ చుట్టూ తిప్పింది. ఒక్కొక్కదానికి అయిదేసి నిమిషాలు. మొదటిది పాస్. రెండు, మూడు, నాలుగు పాస్. అయిదోదాని దగ్గర పిన్ను ఆగింది. మళ్లీ లాగింది. మళ్లీ ఆగింది. కళ్లు తెరవకుండానే పక్కకు పెట్టి, సుత్తి అందుకుంది.

"మల్లేశ్వరీ, అసలే తక్కువున్నాయి..."

ఠంగుమంది. మిగిలినవి ఆరు.

ఆ ఆరింటినీ నింపడం నేను చూశాను. చూడ్డానికి అనుమతి ఉంది, మాట్లాడ్డానికి లేదు. మందు తూచేటప్పుడు ఎవరైనా మాట్లాడితే ఆవిడ తూచింది వెనక్కి ఒంపేసి మళ్లీ మొదలెడుతుంది. గుండు మూతి అంత మొద్దుగా ఎందుకుందని అడిగాను. వెనక్కి ఒంపింది. ఈ తుపాకీలో తూటాలు ఒకదాని వెనక ఒకటి క్యూలో ఉంటాయని, వాడి మూతి అయితే ముందున్నదాని టోపీని పొడిచి పేల్చేస్తుందని చెప్పింది. "ఓహో" అన్నాను. వెనక్కి ఒంపింది. మూడోసారి తుమ్మాను. అది మాట కాదని వాదించాను. ఆ వాదన మాటే అయింది. నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి తలుపేసింది.

తర్వాత ఒక్కటి తెచ్చి చూపించింది. గొట్టం మూతి గుండు చుట్టూ సన్నగా లోపలికి నొక్కి ఉంది, కజ్జికాయ అంచు నొక్కినట్టు. లేకపోతే అదురుకు గుండు లోపలికి జారిపోతుందట. వాసన చూశాను. చందనం అగరబత్తి.

తర్వాతి శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. ఉగాది ఫంక్షన్‌లో మిగిలిపోయిన పేపర్ ప్లేట్లు టార్గెట్లు. మూడు గదులవి. పెద్దది అన్నానికి, చిన్నవి రెండూ పప్పుకీ పచ్చడికీ. అరవై గజాల దూరంలో మేకులు కొట్టి వచ్చాను. మల్లక్క మూడు పేల్చింది. మూడూ పప్పు గదిలో, ఒకదాన్నొకటి ఆనుకుని.

"అబ్బ! అదిరింది!" అన్నాను.

"నేను కొట్టింది పచ్చడి గదికి" అంది.

ఇంటికి వెళ్లి, పేల్చిన మూడింటినీ మళ్లీ నొక్కి, పిన్ను పెట్టి చూసి, మళ్లీ నింపింది. తుపాకీ మీది గురి వెంట్రుకంత జరిపింది. ఆదివారం మళ్లీ మూడు. రెండు పచ్చడి గదిలో, ఒకటి గదుల మధ్య గోడ మీద. బుధవారం వానలో వెళ్లింది. గొడుగు పట్టింది నేను. మూడూ పచ్చడి గదిలో పడ్డాయి. ఆవిడ ప్లేటు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, "ఇక చాలు" అంది. భుజం మీద చెయ్యి కూడా వేసుకోలేదు.

సెప్టెంబరు మధ్యలో పెద్ద వంతెన దాటి ఉత్తరానికి నేనే డ్రైవ్ చేశాను. పద్మనాభం గారు రానన్నారు. బైపాస్ అయినప్పటినుంచీ ఆయన గుడ్డు కూడా ముట్టరు. "నేను నిద్రపుచ్చినవాళ్లు లేచేవాళ్లు. నీ పద్ధతి వేరు" అని, పులిహోర డబ్బా మాత్రం కారులో పెట్టారు. కారు కదిలాక మెయిల్‌బాక్సు దాకా నడిచి వచ్చి నిలబడ్డారు.

ఎనభై దాటినా రోజర్ చెట్టులా ఉన్నాడు. దిగగానే నా దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు. ఎనిమిది గంటల డ్రైవింగ్‌కి నడుం పట్టేసి అమృతాంజనం రాసుకున్నాను. "నాగా, వీడు మాటు దగ్గరికి వస్తే పక్క జిల్లాలో ఎలుగులు కూడా పారిపోతాయి" అన్నాడు మల్లక్కతో. అలా నాలుగు రోజులూ నేను కేబిన్‌లోనే, పులిహోరతో.

మొదటి రోజు ఏమీ రాలేదు. రెండో రోజు తల్లి ఎలుగు వచ్చింది, వెనక రెండు పిల్లలు. తల్లిని కొట్టకూడదు, అది చట్టం కూడా. ఆవిడ గంటసేపు కదలకుండా చూసి, తిరిగొచ్చి నాకు పిల్లల నడక నటించి చూపించింది. మూడో రోజు పెద్ద మగది వచ్చింది గానీ అడ్డంగా కొమ్మ. కొమ్మలోంచి కొట్టొచ్చన్నాడట రోజర్. ఈవిడ తల అడ్డంగా ఊపిందట. పర్మిట్టు ఇంకా ఉంది గానీ, మర్నాటికి మించి ఆగడానికి లేదు. రోజర్‌కి డెట్రాయిట్‌లో గుండె డాక్టరు అపాయింట్‌మెంట్. అతను లేకుండా వేటాడనని మల్లక్క ముందే చెప్పింది.

నాలుగో రోజు సాయంత్రం నేను మెట్ల మీద కూర్చున్నాను. ఎండ ఇంకా చెట్ల తలల మీద ఉంది. ఒక్క చప్పుడు వినిపించింది. లేచి నిలబడ్డాను. రెండో చప్పుడు వస్తే అనుకున్నట్టు జరగలేదని అర్థం. లెక్కపెట్టడం మొదలెట్టాను. అరవై దాకా వెళ్లాను. మళ్లీ మొదటి నుంచి అరవై. రెండోది రాలేదు.

చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు. రోజర్ నాకు ఒక వేలు చూపించి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. మల్లక్క మెట్టు మీద కూర్చుని టీ అడిగింది. ఇచ్చాను. కప్పు గలగలలాడింది.

"చేతులు వణుకుతున్నాయక్కా."

"ఇప్పుడు వణకొచ్చు" అంది.

కాసేపటికి కోటు జేబులోంచి ఖాళీ గొట్టం తీసి మెట్టు మీద నిలబెట్టింది. కొన్నాళ్ల తర్వాత ఆ మాంసం గోంగూరతో బాగా ఉడికించి పెడితే నేను మూడుసార్లు వడ్డించుకున్నాను, విరగని వైపు నములుతూ.

అక్టోబరులో కొత్త గొట్టాలు వచ్చాయి. మల్లక్క మిగిలిన అయిదు తూటాలూ విప్పి, మందు తీసేసి, ఖాళీ చేసి, ఆరూ తుడిచి పూజగదిలో పెట్టింది. దసరాకి మేం వెళ్లేసరికి పద్మనాభం గారు వాటిలో బియ్యం పోసి, బొట్లు పెట్టి, వరసగా నిలబెడుతున్నారు. చేతిలో వెలిగించిన అగరబత్తి ఒకటి మిగిలిపోయింది. దాన్ని పట్టుకుని నా వైపు తిరిగారు.

"చూడు మనోహర్, మీ అక్క దేవుడి దగ్గర్నుంచి ఏడు పట్టుకెళ్లి ఆరు తెచ్చిపెట్టింది. ఇది అన్యాయం కాదూ?"

మల్లక్క వంటింట్లోంచి వెనక్కి తిరక్కుండానే అంది:

"అది ఇన్‌స్పెక్షన్‌లో పోయిందండీ, రిజెక్ట్ పీసు దేవుడిక్కూడా ఇవ్వను."